కేసు షీటును చదివిన తీర్పు

వి. కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్. ఈ హైదరాబాదు కేసులో సుప్రీంకోర్టు 2010 మార్చి 8న తీర్పు చెప్పింది. ఫిర్యాదుదారుకు దక్కింది రెండు లక్షల రూపాయల పరిహారం, ఆసుపత్రికి కట్టిన పదివేలు వాపసు. పత్రికల మొదటి పేజీకి ఎక్కే అంకె కాదు. అయినా వైద్యుడి బాధ్యత గురించి మన దేశంలో వెలువడిన తీర్పుల్లో పనితనం కోసం ఒకదాన్ని చూపమంటే నేను దీన్నే చూపిస్తాను. ఏ వాస్తవాన్ని ముందు పెట్టారు, ఏ అభ్యంతరాన్ని ఎక్కడ దాటారు, అడ్డొచ్చిన మరో తీర్పును ఎలా పక్కకు జరిపారు అన్నది ఓపిగ్గా చూడదగిన పని.

కేసు జ్వరానిది, పంటిది కాదు. అయినా పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకునే మనిషికి దీనితో చాలా దగ్గరి సంబంధం ఉంది. మా లేపాక్షి వైపు నుంచి చూస్తే అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి హిందూపురం పదిహేను కిలోమీటర్లు. పన్ను సలుపు పుట్టిన రోజున ఎవరూ బస్సెక్కరు. లవంగం పెడతారు, ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు, మందుల షాపులో మాత్ర కొనుక్కుంటారు. దవడ వాచి నిద్ర పట్టని స్థితి వచ్చాక ఒకరోజు కూలి వదులుకుని వెళ్తారు. అక్కడ ఏదైనా తప్పు జరిగితే పోయేది ఒక పన్ను, కొన్ని వేల రూపాయలు, ఇంకొన్ని రోజుల కూలి. ఆ మనిషికి అది పెద్ద నష్టమే. కోర్టు లెక్కలో మాత్రం చాలా చిన్నది.

ఇలాంటి చిన్న నష్టానికి న్యాయం అడగాలంటే మొదట ఎదురయ్యే గోడ ఒకటుంది. డాక్టరు తప్పు చేశాడని చెప్పడానికి ఇంకో డాక్టరు రావాలి. ఏ పళ్ల డాక్టరు తన ఊళ్లోనే ప్రాక్టీసు చేసే తోటి డాక్టరు మీద సాక్ష్యం చెప్పడానికి ముందుకొస్తాడు? దూరం నుంచి పిలిపిస్తే ఆయన రాకపోకలు, ఫీజు కలిపి పరిహారం కంటే ఎక్కువవుతాయి. అంటే ప్రతి కేసులోనూ నిపుణుడు తప్పనిసరి అని ఒక నియమం పెట్టేస్తే చిన్న గాయాలన్నీ కోర్టు గడప బయటే ఆగిపోతాయి. కిషన్ రావు తీర్పు ఈ గోడలో తలుపు పెట్టింది. నిజాయితీగా పనిచేసే డాక్టరుకు ఉన్న రక్షణను కదపకుండా పెట్టింది. దాని గొప్పతనం అక్కడుంది.

కేసు సంగతికి వస్తాను. కిషన్ రావు మలేరియా విభాగంలో అధికారి. 2002 జులై 20న భార్యను హైదరాబాదులోని ఆ ఆసుపత్రిలో చేర్చారు. వచ్చి పోయే జ్వరం, చలి, వణుకు. మలేరియా విభాగంలో పనిచేసే మనిషికి ఈ లక్షణాలు దేని వైపు చూపిస్తాయో ఒకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో కొన్ని పరీక్షలు చేశారు. వైద్యం టైఫాయిడ్‌కు సాగింది. 23వ తేదీ వరకు మందులకు గుణం కనిపించలేదు. ఎక్కిస్తున్న సెలైన్‌లో నలకలు ఉన్నాయని భర్త చూసి చెప్పినా పట్టించుకోలేదని ఫిర్యాదు. 24న పరిస్థితి విషమించి ఆమెను మరో పెద్ద ఆసుపత్రికి తరలించారు. అక్కడికి చేరేసరికి నాడి అందడం లేదు, బీపీ లేదు, కంటిపాపలు విప్పారి ఉన్నాయి. ఆమె అక్కడే చనిపోయింది. ఆ రెండో ఆసుపత్రి రికార్డులో టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష నెగెటివ్, మలేరియా పరీక్ష పాజిటివ్. మరణ కారణంలో మలేరియా పేరు ఉంది.

జిల్లా ఫోరం ఈ కాగితాలన్నీ చదివింది, రెండు లక్షలు ఇమ్మంది. రాష్ట్ర కమిషన్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. వైద్యం తప్పని చెప్పే నిపుణుడి సాక్ష్యం ఫిర్యాదుదారు తేలేదు కదా అన్నది దాని కారణం. జాతీయ కమిషన్ కూడా అదే సమర్థించింది. అలా కేసు సుప్రీంకోర్టులో జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ, జస్టిస్ అశోక్ కుమార్ గంగూలీల ముందుకు వచ్చింది. తీర్పు రాసింది గంగూలీ.

ఇక పనితనం. మొదట చూడాల్సింది వాస్తవాలను పేర్చిన తీరు. గంగూలీ చట్టంతో మొదలుపెట్టలేదు, తేదీలతో మొదలుపెట్టారు. ఏ రోజు చేరింది, ఏ రోజు ఏం చేశారు, ఏ రోజు తరలించారు అన్నది చదివేసరికి పాఠకుడి మనసులో ఒక ప్రశ్న దానంతట అదే లేస్తుంది: మరి మలేరియా మందు ఎప్పుడిచ్చారు? సరిగ్గా ఆ ప్రశ్న లేచిన చోటే ఆయన ఆసుపత్రి తరఫున సాక్ష్యం చెప్పిన డాక్టరు మాటను ఉంచారు. తాను ఈ రోగికి మలేరియా జ్వరానికి వైద్యం చేయలేదని ఆ డాక్టరు ఫోరం ముందు స్వయంగా ఒప్పుకున్నాడు. ఇటు పక్క ఆ మాట, అటు పక్క రెండో ఆసుపత్రి పరీక్ష ఫలితం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాక ఇక వేరే నిపుణుడు వచ్చి ఏం చెప్పాలి? కోర్టు ఆ ప్రశ్నను గొంతు పెంచి అడగదు. వాస్తవాలు అలా అమర్చాక అడగాల్సిన అవసరం రాలేదు.

రెండో మెలకువ అభ్యంతరాల దగ్గర. రెండో ఆసుపత్రి రికార్డును సాక్ష్యాధారాల చట్టం చెప్పిన పద్ధతిలో రుజువు చేయలేదని ఆసుపత్రి వాదించింది. మామూలు సివిల్ కోర్టులో బలమున్న వాదనే. దీనికి జిల్లా ఫోరం అప్పటికే జవాబు చెప్పింది. వినియోగదారుల ఫోరంలో విచారణ సంక్షిప్తంగా సాగుతుంది, ఆ చట్టం అక్షరాలా ఇక్కడ వర్తించదు అని. ఆ జవాబు సరైనదేనని సుప్రీంకోర్టు చెప్పి ముందుకు నడిచింది. కింది ఫోరం చేసిన మంచి పనిని గుర్తించి దాని పేరు మీదే నిలబెట్టడం పైకోర్టుల్లో అంత తరచుగా కనిపించే గుణం కాదు. ఈ తీర్పు అంతటా జిల్లా ఫోరం పట్ల ఆ గౌరవం ఉంది. జిల్లా స్థాయిలో కూర్చుని కాగితాలు చదివిన సభ్యులకు చదవడం వచ్చని ఒప్పుకోవడమే సామాన్యుడికి పెద్ద మేలు.

అసలు చిక్కు మూడో చోట ఉంది. ఈ తీర్పుకు ఒక ఏడాది ముందు, 2009లో, సుప్రీంకోర్టులోనే మరో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మార్టిన్ డిసౌజా కేసులో ఒక ఆదేశం ఇచ్చింది. డాక్టరు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు, అది క్రిమినల్ కోర్టయినా వినియోగదారుల ఫోరమైనా, నోటీసు పంపే ముందే ఒక సమర్థుడైన డాక్టరుకో డాక్టర్ల కమిటీకో పంపి అభిప్రాయం తీసుకోవాలి అని. అది అలాగే నిలిస్తే కిషన్ రావు ఓడినట్టే. కానీ ఇద్దరు న్యాయమూర్తులు ఇంకో ఇద్దరు న్యాయమూర్తుల మాటను తప్పని కొట్టేయలేరు. సరిసమాన ధర్మాసనానికి ఆ అధికారం లేదు.

ఇక్కడ గంగూలీ చేసిన పని చూడండి. డిసౌజా తీర్పును నేరుగా ఎదిరించలేదు. దానికంటే పెద్ద ధర్మాసనాలు ముందే ఏం చెప్పాయో వెనక్కి వెళ్లి తీశారు. 1995లో వి.పి. శాంత కేసులో ముగ్గురు న్యాయమూర్తులు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చారు. కొన్ని తప్పులు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయని కూడా అన్నారు. ఒక కాలికి బదులు ఇంకో కాలు తీసేయడం, ఒక రోగికి చేయాల్సిన ఆపరేషన్ మరో రోగికి చేయడం, పడని మందు అని చీటీలో రాసి ఉన్నా చూడకుండా ఇవ్వడం వంటివి. 2002లో జె.జె. మర్చంట్ కేసులో మళ్లీ ముగ్గురు న్యాయమూర్తులు వైద్య కేసులను తేల్చే శక్తి ఫోరాలకు ఉందన్నారు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ నాయకత్వంలోని ముగ్గురు, ముందస్తు వైద్య అభిప్రాయం అన్న నియమాన్ని క్రిమినల్ కేసుల సందర్భంలో పెట్టారు. డాక్టరును అరెస్టు చేసి జైలుకు పంపే ప్రమాదం ఉన్న చోట ఆ జాగ్రత్త అవసరం. పరిహారం అడిగే కేసుకు ఆ భయం లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన డిసౌజా ఆదేశం ముగ్గురు న్యాయమూర్తుల మాటకు విరుద్ధం. కాబట్టి అది పాటించి తీరాల్సిన పూర్వ తీర్పు కాదు. ఇంతే. ఒక్క పరుష పదం లేదు. సాటి న్యాయమూర్తుల తెలివిని శంకించిన వాక్యం లేదు. అడ్డు మాత్రం తొలిగిపోయింది.

దాని స్థానంలో పెట్టిన నియమం కూడా అంతే కొలిచి పెట్టినది. నిపుణుడు ఎప్పుడూ వద్దు అనలేదు. ప్రతి కేసులోనూ యాంత్రికంగా నిపుణుణ్ణి అడగకూడదు అంది. కేసు నిపుణుడి సాయం లేకుండా తేల్చలేనంత చిక్కుగా ఉందా లేదా అన్నది ముందు ఫోరం సభ్యులు తమ బుర్రతో ఆలోచించి నిర్ణయించాలి. చిక్కుగా ఉంటే నిపుణుణ్ణి పిలవాలి. తప్పు పైకి తేలి కనిపిస్తుంటే రెస్ ఇప్సా లోక్విటర్ సూత్రం వర్తిస్తుంది, జరిగిన పనే సాక్ష్యం చెబుతుంది. అప్పుడు తాను జాగ్రత్త తీసుకున్నానని చూపాల్సిన భారం డాక్టరు మీదికి వెళ్తుంది.

నాకు ఈ తీర్పులో కొద్దిగా వెలితిగా అనిపించేది బోలం పరీక్ష గురించి రాసిన భాగం. ఇంగ్లండులో బోలం అనే రోగికి కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు షాక్ వైద్యం చేశారు, తుంటి ఎముకలు విరిగాయి. అప్పటి డాక్టర్లలో కొందరు అలా చేసేవారు, కొందరు చేసేవారు కాదు. బాధ్యత గల డాక్టర్ల వర్గం ఒకటి సరైనదని ఒప్పుకునే పద్ధతిని పాటిస్తే నిర్లక్ష్యం కాదని 1957లో ఆ కేసు తీర్పుతో సూత్రం పుట్టింది. తర్వాత 1997లో బొలీతో కేసులో ఇంగ్లండులోనే ఒక షరతు చేరింది. ఆ వర్గం అభిప్రాయం తర్కానికి నిలబడాలి, నలుగురు డాక్టర్లు అలా చేస్తారన్నంత మాత్రాన సరిపోదు. పుట్టిన దేశంలోనే బోలం మీద ప్రశ్నలు వచ్చాయని గంగూలీ వివరంగా రాశారు. జేకబ్ మాథ్యూ దాన్ని ఆమోదించింది కనుక తాము కట్టుబడి ఉన్నామని అక్కడే ఆగిపోయారు. న్యాయ క్రమశిక్షణ అది, ఒప్పుకుంటాను. మొదటి రోజే మలేరియా మందు పడి ఉంటే ప్రాణం దక్కేదా అన్న ముడిని కూడా ఇంకాస్త విప్పి రాసి ఉంటే కింది ఫోరాలకు మరింత దారి చూపినట్టయ్యేది. ఇవి ఉన్నా తీర్పు కట్టు సడలలేదు.

ఇప్పుడు దీన్ని పళ్ల దవాఖానాలోకి తీసుకెళ్దాం.

చట్టం పళ్ల డాక్టరు నుంచి అద్భుతాలు అడగదు. జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పిన రెండే ప్రశ్నలు: తనకు ఉందని చెప్పుకున్న నేర్పు ఉందా? ఉంటే ఈ రోగి విషయంలో దాన్ని తగినంత శ్రద్ధగా వాడాడా? అందరూ అగ్రశ్రేణి నిపుణులు కానక్కరలేదు, మామూలు సమర్థుడు చేసేంత చేస్తే చాలు. 1968లో లక్ష్మణ్ జోషి కేసులో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా మూడు బాధ్యతలు చెప్పింది. ఈ కేసు నేను తీసుకోవచ్చా అన్న నిర్ణయంలో జాగ్రత్త, ఏ వైద్యం ఇవ్వాలి అన్నదానిలో జాగ్రత్త, ఇచ్చేటప్పుడు జాగ్రత్త. పళ్ల వైద్యానికి ఈ మూడూ అతికినట్టు సరిపోతాయి. బీడీఎస్ చదివిన డాక్టరు రూట్ కెనాల్ చేయవచ్చు. కానీ వేరు బాగా వంకర తిరిగి ఉందని ఎక్స్‌రేలో కనిపిస్తే, తన చేతికి అది అందదనిపిస్తే, ఆ విభాగంలో ఎండీఎస్ చేసినవారి దగ్గరికి పంపడం మొదటి బాధ్యత. పంపకుండా పట్టుబట్టి చేసి చెడగొడితే, నేను బీడీఎస్ మాత్రమే అన్న మాట రక్షించదు.

రూట్ కెనాల్‌లో మంచి పనితనం ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే ప్రమాణం అనేది గాల్లో మాట కాదని తెలుస్తుంది. ముందు ఎక్స్‌రే. షుగరు, బీపీ, గుండె జబ్బు, రక్తం పలచబరిచే మందుల గురించి ప్రశ్నలు, ఆ జవాబులు కాగితం మీద. మత్తు సూది. నోట్లోని ఉమ్మి పంటిలోకి రాకుండా, వేరులోని కాలువను గీకే సన్నటి ఫైళ్లు, మందులు గొంతులోకి జారకుండా రబ్బరు డ్యామ్ కట్టడం. కాలువ పొడవు ఎంతో కొలవడం. కడగడానికి సోడియం హైపోక్లోరైట్ వాడుతున్నప్పుడు అది వేరు కొన దాటి బయటికి పోకుండా నెమ్మదిగా వదలడం. గట్టా పెర్చా అనే పదార్థంతో కొన వరకు నింపడం. నింపాక మళ్లీ ఎక్స్‌రే. చివరి ఎక్స్‌రేలో తెల్లటి గీత వేరు కొన దగ్గర నీటుగా ఆగి ఉంటే ఆ డాక్టరు చేయి ఎంత కుదురో చెప్పడానికి వేరే సర్టిఫికెట్ అక్కరలేదు. మన చిన్న పట్టణాల్లో అలాంటి చేతులు చాలా ఉన్నాయి, వారికి ఈ చట్టం వల్ల ఏ భయమూ లేదు.

పని మధ్యలో సన్నటి ఫైలు విరిగి వేరులో ఉండిపోవడం మంచి డాక్టరు చేతిలో కూడా జరుగుతుంది. కింది జ్ఞానదంతం తీశాక పెదవి, గడ్డం కొన్నాళ్లు మొద్దుబారడం కూడా అంతే, ఆ వేళ్ల పక్క నుంచే నరం పోతుంది. ఇవి జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. మొద్దుబారే ప్రమాదం ఉందని ముందు చెప్పకపోవడం, ఫైలు విరిగిందని తెలిసీ రోగికి చెప్పకుండా పైన క్యాప్ వేసి పంపేయడం మాత్రం వేరే సంగతి. ఇలాంటి కేసుల్లో నిపుణుడి అభిప్రాయం తప్పక కావాలి. కిషన్ రావు తీర్పు ఆ దారిని మూయలేదు.

దానికి అవతలి కొసన ఉండేది మంచి పన్ను తీసేయడం. పళ్ల డాక్టర్లు వాడే అంకెల పద్ధతిలో నోటిని నాలుగు భాగాలు చేస్తారు. రోగికి కుడి పైభాగం 1, ఎడమ పైభాగం 2, ఎడమ కింద 3, కుడి కింద 4. ప్రతి భాగంలో మధ్య నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది. 36 అంటే ఎడమ కింది మొదటి పెద్ద దవడ పన్ను. 46 అంటే కుడి కింది మొదటి పెద్ద దవడ పన్ను. ఒక్క అంకె మారితే పన్ను దవడ దాటి అవతలికి పోతుంది. ఎక్స్‌రేలో పుచ్చు 36 మీద ఉండి, చీటీలో 46 తీసినట్టు ఉంటే ఫోరం సభ్యులకు ఏ నిపుణుడు కావాలి? శాంత కేసులో చెప్పిన కాలు ఉదాహరణకు ఇది నోట్లో జోడి. ఎక్స్‌రే, చీటీ, రసీదు మూడూ చాలు. అందుకే రికార్డు మీద ఇంత పట్టుబడుతున్నాను. కిషన్ రావు కేసును గెలిపించింది కూడా కాగితమే.

అనుమతి గురించి కొంచెం నిలిచి మాట్లాడాలి. మా ఊరి వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ కథ అందరికీ తెలుసు. అచ్యుతదేవరాయల కాలంలో కోశాధికారిగా ఉండి రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని, శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెప్పుకుంటారు. ఆ మరకలంటూ గోడ మీద ఎర్రటి గుర్తులు ఇప్పటికీ చూపిస్తారు. అది ఐతిహ్యం, చరిత్ర అని నేననను. కానీ ఆ కథలో పని ఎంత గొప్పదో ఎవరూ కాదనరు, తప్పు పట్టింది అడగకుండా చేసినందుకు. పంటి వైద్యంలో కూడా అదే. పని ఎంత బాగా చేసినా అడగకుండా చేస్తే తప్పే.

సుప్రీంకోర్టు దీన్ని 2008లో సమీరా కోహ్లీ కేసులో స్థిరపరిచింది. లోపల చూడటానికి మాత్రమే ఒప్పుకున్న రోగికి, ఆమె మత్తులో ఉండగా గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఒక పనికి ఇచ్చిన అనుమతి ఇంకో పనికి చెల్లదని కోర్టు చెప్పింది. చేయబోయే పని ఏమిటి, దేనికోసం, వేరే మార్గాలు ఏమున్నాయి, ఏ ప్రమాదాలు ఉన్నాయి అన్నవి చెప్పి తీసుకున్నదే అనుమతి అంది. ఆ మరుసటి ఏడు ప్రశాంత్ ధనంక కేసు వచ్చింది. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ముక్క తీసి పరీక్షించడానికని ఒప్పించి గడ్డనే తొలగించారు, న్యూరోసర్జన్ దగ్గర లేడు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు నడుం కింద చచ్చుబడిపోయాడు. ఆయన చక్రాల కుర్చీలో వచ్చి తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మేలో కోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. పన్ను నింపడానికి కూర్చున్న మనిషి పన్ను పీకించుకుని లేవకూడదన్నది ఈ రెండు తీర్పుల నుంచే వచ్చే సంగతి.

మా పీఠభూమిలో ఈ అనుమతి ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది. అనంతపురం కరవు నేల. వానలు లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే లేని చోట ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చు అన్నది భారతీయ ప్రమాణం. పళ్లు తయారయ్యే చిన్నతనంలో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పైపొర సున్నంలా తెల్లబారుతుంది, తర్వాత గోధుమరంగు మరకలు పడతాయి. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు. అనంతపురం పల్లెలకు 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చింది. అప్పటికే పెరిగిపోయిన తరం పళ్ల మీద మరకలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడ ప్రాక్టీసు చేసే డాక్టరుకు ఈ మరకకు, పుచ్చుకు తేడా తెలియడం ప్రమాణంలో భాగం. ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు అన్న ప్రశ్న అడగకుండా మరకను పుచ్చు అనుకుని డ్రిల్లు పెట్టడం మామూలు తప్పుగా నేను చూడను. ఫ్లోరోసిస్ పన్ను పైపొర ఆమ్లానికి సులువుగా లొంగదు. సిమెంటు పట్టడానికి ముందు వేసే ఆమ్లం మామూలు పంటి కంటే ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది. అది తెలియకపోతే ఫిల్లింగు ఊడిపోతుంది. బెంగళూరు పళ్ల డాక్టరుకు ఇది అరుదుగా ఎదురయ్యే సంగతి కావచ్చు, హిందూపురం డాక్టరుకు కాదు.

అంతకంటే నన్ను బాధపెట్టేది పెళ్లీడు పిల్లల సంగతి. పెళ్లిచూపుల్లో పళ్ల మరకలు కనిపిస్తాయన్న దిగులుతో అమ్మానాన్నలు దవాఖానాకు తీసుకొస్తారు. ముందు పళ్లన్నీ అరగదీసి క్యాప్‌లు వేద్దామంటే అప్పు చేసైనా సరే అంటారు. పైపొర మీది మరకను సన్నగా రుద్ది తగ్గించే పద్ధతి ఉందని, తెల్లబరిచే వైద్యం ఉందని, మొదట వాటిని ప్రయత్నించి చూడొచ్చని వారికి ఎవరైనా చెప్పారా? ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ పెరగదని, ఆ క్యాప్‌లు జీవితకాలం నిలవవని, మార్చాల్సి వస్తుందని చెప్పారా? సమీరా కోహ్లీ తీర్పులోని వేరే మార్గాలు అన్న మాట ఈ పిల్లల కోసమే రాశారా అనిపిస్తుంది. క్యాప్‌లు ఎంత అందంగా కుదిరినా, ఆ మాటలు చెప్పకుండా వేస్తే ఆ పని తక్కువ పనే.

ఈ చట్టానికి హద్దులున్నాయి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి, శాంత తీర్పు ప్రకారం, వినియోగదారుల ఫోరం పరిధిలోకి రాదు. అక్కడ జరిగిన దానికి సివిల్ కోర్టుకు పోవాలి. డాక్టరును శిక్షించాలని క్రిమినల్ కేసు పెట్టాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. అది న్యాయమే. డాక్టరు వణికే చేత్తో పని చేసే పరిస్థితి ఎవరికీ మంచిది కాదు. ఏ చదువూ రిజిస్ట్రేషనూ లేకుండా పళ్లు కట్టేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. 1948 నుంచి దేశంలో దంత వైద్యుల రిజిస్ట్రేషనుకు చట్టం ఉంది, గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసే హక్కు మీకుంది.

నేను చదివినంతలో కిషన్ రావు తీర్పు అంత పొందికైన తీర్పు ఈ రంగంలో ఇంకోటి లేదు. చదవగలిగినవారు మొత్తం చదవాలి, న్యాయవాదులు తమ దగ్గరికి వచ్చే పంటి కేసులకు దీన్ని చూపించాలి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ప్రతివారికీ నా మనవి ఒకటే. ఎక్స్‌రే, చీటీ, రసీదు అడిగి ఇంటికి తెచ్చుకోండి, దాచిపెట్టండి. ఏ పన్నుకు ఏం చేస్తున్నారో కుర్చీలో కూర్చునే ముందే అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు కట్టిన ఫీజు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరును పెట్టుకోకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు.